ఫ్లారెన్సు నైటింగేలు

ఇంటిలో ఒకరు జబ్బుపడినప్పుడు వారి చుట్టును చేరువారు పెక్కుమంది యుందురు. ఒకరు నుదురు తాకి చూతురు. ఒకరు విసనకఱ్ఱతో విసరుదురు. మరియొకరు కన్నీరు పెట్టుకొందురు. అందరికిని ప్రేమ కలదు. కాని కదలలేని రోగిని నొప్పి కలుగకుండ ఎట్లు ప్రక్కకు త్రిప్పవలెను? అతడు పండుకొనియుండగనే పడకమీది దుప్పటిని ఎట్లు మార్చవలెను? జబ్బు తగ్గుచున్నదో, హెచ్చుచున్నదో దేనిని బట్టి తెలిసికొనవలెను? ఈ ప్రశ్నలకు ప్రేమ యొక్కటియే సమాధానము చెప్పజాలదు. అందులకు విద్య కావలెను. ఆ విద్యను చేతులతో అభ్యసింపవలెను. ఆ చేతుల వెనుక ఆలోచన యుండవలెను.

ఈ మాట నేడు మనకు సామాన్యముగా తోచును. కాని 19వ శతాబ్దపు మధ్యకాలము వరకు ఇంగ్లండు దేశమున రోగులకు ఉపచారము చేయుట ఒక విద్య యని తలంచినవారు అరుదు. వేరొక పని దొరకనివారు పొట్టకూటికై చేయు పని యని పలువురు భావించుచుండిరి. ఆ భావమును మార్చిన మహనీయురాలు ఫ్లారెన్సు నైటింగేలు. చేత దీపము పట్టుకొని గాయపడిన సైనికుల నడుమ సంచరించిన వనితగా ఆమెను లోకమెల్ల ఎరుగును. కాని ఆ దీపముకన్న గొప్ప కార్యము మరియొకటి ఆమె చేసెను. తెలియక వణకు చేతులను నేర్పుగల చేతులుగా తీర్చు పాఠశాలను ఆమె నెలకొల్పెను.

ఫ్లారెన్సు 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆమె తలిదండ్రులు ధనవంతులైన ఆంగ్లేయులు. వివాహానంతరము వారు యూరపు ఖండమున దేశాటనము చేయుచుండగా వారికి ఇరువురు కుమార్తెలు కలిగిరి. పెద్దకుమార్తె నేపుల్సు నగరమున పుట్టుటచే ఆమెకు ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమగు పార్తెనోపి యను పేరు పెట్టిరి. చిన్నకుమార్తెకు ఆమె పుట్టిన నగరము పేరే పేరయ్యెను. పిమ్మట ఆ కుటుంబము స్వదేశమునకు తిరిగి వచ్చెను. డెర్బీషైరులో లీ హర్స్టు అనియు, హాంప్‌షైరులో ఎంబ్లీ పార్కు అనియు వారికి రెండు పెద్ద భవనములు గలవు.

తండ్రియైన విలియం ఎడ్వర్డు నైటింగేలు విద్యావంతుడు. ఆ దినములలో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయముల తలుపులు తెరువబడి యుండలేదు. కావున ఆయనయే గురువై కుమార్తెలకు లాటిను, గ్రీకు, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలను, చరిత్రమును, తత్త్వశాస్త్రమును నేర్పెను. ఫ్లారెన్సునకు గణితమునందు మక్కువ మిక్కుటము. అంకెలను వరుసగా పేర్చి, పోల్చి చూచి, వానినుండి నిజమును రాబట్టుట ఆమెకు చిన్ననాటి నుండియు ఇష్టమైన పని. ఈ యలవాటు తరువాతి కాలమున వేలమంది ప్రాణములకు ఉపయోగపడెను.

ఆమె బాల్యమును గూర్చి ఒక కథ చెప్పుదురు. గ్రామములో రోజరు అను ముసలి గొఱ్ఱెల కాపరి యుండెను. ఒకనాడు కొందరు పిల్లలు రువ్విన రాయి తగిలి అతని కుక్క కాలు వాచిపోయెను. కాలు విరిగినదనియు, కుక్క యిక బ్రతికి ప్రయోజనము లేదనియు తలంచి అతడు దానిని చంపుటకు సిద్ధమయ్యెను. గ్రామపు మతగురువుతో కలిసి అటువైపు వచ్చిన ఫ్లారెన్సు ఆ కుక్కకడకు వెళ్ళెను. మతగురువు కాలు తడవి చూచి ఎముక విరుగలేదని తేల్చెను. వేడినీటిలో గుడ్డ ముంచి పిండి కాపడము పెట్టవలెనని ఆయన చెప్పగా ఆ బాలిక తన చేతులతోనే ఆ పని చేసెను. కొలది దినములలో కుక్క మరల మందవెంట పరుగెత్తెను. కాపరి కుక్కను ప్రేమింపని వాడు కాడు. పరీక్షించి చూడకయే తీర్పు చెప్పుట అతని పొరపాటు. ముందు చూడవలెను, పిదప నిర్ణయింపవలెను, ఆ మీదట చేయవలెను అను పాఠము ఈ చిన్న కథలో ఇమిడియున్నది.

1837వ సంవత్సరమున, పదునారేండ్ల వయస్సులో, భగవంతుడు తన్ను సేవకై పిలిచినట్లు ఆమెకు తోచెను. ఆ సేవ యెట్టిదో అప్పుడామెకు స్పష్టముగా తెలియలేదు. చుట్టుప్రక్కల పల్లెలలోని బీదల గుడిసెలకు వెళ్ళి రోగులకు తోడ్పడుచుండెను. 1845లో ఆమె కన్నులయెదుట ఒక బీదరాలు మరణించెను. ప్రక్కన కూర్చుండి రాత్రులు మేలుకొన్నవారికి ఏమి చేయవలెనో తెలియకపోవుటయే ఆ మరణమునకు కారణమని ఫ్లారెన్సు గ్రహించెను. తెలియని చేయి విషమువలె హాని చేయగలదను సంగతి ఆమె హృదయమున నాటుకొనెను. తాను మాత్రము ఏమి నేర్చినది? గ్రీకు కావ్యములు చదువగలదు, పియానో వాయింపగలదు, కాని పుండు కడిగి కట్టు కట్టు విధానము గురుముఖమున నేర్వలేదు.

అందుచే సాలిస్‌బరీ పట్టణపు ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చికొందునని ఆమె తలిదండ్రులను అడిగెను. వారు దిగ్భ్రాంతులైరి. తల్లి కంటతడి పెట్టెను; అక్కకు మూర్ఛ వచ్చినంత పనియయ్యెను. వారిని నిందింపవలసిన పని లేదు. ఆ కాలపు ఆసుపత్రులు దుర్గంధముతో నిండియుండెను. అందలి దాదులలో చదువు లేనివారును, త్రాగుడు మరగినవారును పెక్కుమంది. గౌరవముగల కుటుంబపు కన్య అచట అడుగు పెట్టుట ఊహింపరాని విషయము. ఫ్లారెన్సు కోరిక అప్పటికి నెరవేరలేదు.

కోరిక నెరవేరనివారు సాధారణముగ నిరాశతో చేతులు ముడిచికొందురు. ఆమె యట్లు చేయలేదు. ఇంటివారు నిద్ర లేవక ముందే, తెల్లవారుజామున కొవ్వొత్తి వెలుగున కూర్చుండి, ఆసుపత్రుల నివేదికలను, ప్రజారోగ్యమును గూర్చి ప్రభుత్వము ప్రకటించిన గ్రంథములను చదివి, వాని సారమును నోటుపుస్తకములలో వ్రాసికొనుచుండెను. ఉదయ భోజనమునకు గంట మ్రోగగానే మరల మామూలు కూతురై క్రిందికి దిగివచ్చుచుండెను. ఇట్లు ఏండ్లు గడచెను. రిచర్డు మాంక్టన్ మిల్న్స్ అను యోగ్యుడైన పురుషుడు ఆమెను వివాహమాడగోరెను. ఆయనయెడ ఆమెకు ఆదరము గలదు. అయినను తాను తలపెట్టిన జీవితమునకు వివాహము అడ్డగునని యెంచి 1849లో ఆమె నిరాకరించెను.

జర్మనీ దేశమున రైను నదీతీరమున కైజర్స్‌వెర్త్ అను ఊరు కలదు. అచట పాస్టరు థియడోర్ ఫ్లీడ్నరు 1836లో నెలకొల్పిన సంస్థలో స్త్రీలకు రోగిసేవ నేర్పుచుండిరి. ఫ్లారెన్సు 1850లో రెండు వారములు అచట గడపి, 1851లో మరల వెళ్ళి దాదాపు మూడు నెలలుండెను. ఉదయము 5 గంటలకు నిద్ర లేచుట, గంజియు కూరగాయల చారును భుజించుట, పగలెల్ల పనిచేయుట అచటి దినచర్య. భవనములలో పెరిగిన ఆ యువతి రోగుల గదులలో తిరిగి మందులిచ్చెను. గాయములకు కట్టిన కట్లు మార్చెను. శస్త్రచికిత్స జరుగుచుండగా దగ్గర నిలిచి చూచెను. అచటి ఉపచార పద్ధతులు అంత గొప్పవి కావని ఆమెయే తరువాత అభిప్రాయపడెను. అయినను పుస్తకములలో చదివినది మొదటిసారిగా చేతికి వచ్చెను. ఆమె చిరకాలపు దిగులు తొలగి మనస్సు తేటపడెను.

1853 ఆగస్టులో లండను నగరపు హార్లీ వీధిలో జబ్బుపడిన స్త్రీలకై యున్న ఒక చిన్న ఆసుపత్రికి ఆమె పర్యవేక్షకురాలయ్యెను. ఆ పనిలో చేరగానే, దాదులు పగలెల్ల ఎందులకు అలసిపోవుచున్నారో ఆమె పరిశీలించెను. వారి శక్తి రోగుల సేవలోకన్న మెట్లు ఎక్కి దిగుటలోనే యెక్కువగా ఖర్చగుచుండెను. కావున ప్రతి అంతస్తునకు గొట్టముల ద్వారా వేడినీరు వచ్చునట్లు చేయవలెననియు, వంటయింటి నుండి భోజనము పైకి పంపుటకు ఒక ఎత్తుడు యంత్రము కావలెననియు, ఏ రోగి గంట మ్రోగించెనో దాదికి వెంటనే తెలియునట్లు ఏర్పాటుండవలెననియు ఆమె పట్టుపట్టెను. కష్టము కనబడినప్పుడు మనుష్యులను కోపించుటకు ముందు దాని మూలమును వెదకుట ఆమె పద్ధతి.

ఇంతలో క్రిమియా యుద్ధము వచ్చెను. 1854లో బ్రిటను, ఫ్రాన్సు దేశములు టర్కీ పక్షమున చేరి రష్యాతో పోరాడసాగెను. గాయపడిన బ్రిటిషు సైనికులను నల్లసముద్రము దాటించి కాన్‌స్టాంటినోపిలు నగరమున కెదురుగానున్న స్కుటారికి తెచ్చుచుండిరి. అచట వారికి కట్లు కట్టువారు లేరనియు, దిక్కులేక మరణించుచున్నారనియు టైమ్సు పత్రిక ప్రకటించెను. దేశమెల్ల అట్టుడికినట్లయ్యెను. యుద్ధశాఖ మంత్రియైన సిడ్నీ హెర్బర్టు ఫ్లారెన్సునకు మిత్రుడు. ఆమె తాను వెళ్ళుదునని వ్రాసిన లేఖయు, ఆమెను వెళ్ళుమని కోరుచు ఆయన వ్రాసిన లేఖయు దారిలో ఒకదాని నొకటి దాటిపోయెను. 1854 అక్టోబరు 21వ తేదీన 38 మంది స్త్రీలతో ఆమె బయలుదేరి, నవంబరు 4వ తేదీన స్కుటారి చేరెను.

ఆ ఆసుపత్రి యొకప్పుడు సైనికుల వసతికై కట్టిన పెద్ద భవనము. నడవలలో కూడ రోగులు వరుసగా పరుండియుండిరి. ఎలుకలు, నల్లులు స్వేచ్ఛగా తిరుగుచుండెను. దుస్తులు, సబ్బు, పళ్ళెములు, తువ్వాళ్ళు చాలినన్ని లేవు. నేల క్రింది మురుగుకాలువలు పూడిపోయి దుర్గంధము వ్యాపించియుండెను. ఇంతటి దుస్థితిలోను సైనికవైద్యులు ఈ స్త్రీల రాకను హర్షింపలేదు. దాదులు వెంటనే వార్డులలోనికి పోవలెనని తొందరపడిరి. ఫ్లారెన్సు వారిని వారించెను. వైద్యులు అడుగనిదే ఎవరును రోగిని తాకరాదని ఆజ్ఞాపించి, కట్టుగుడ్డలు, దిండ్లు, చొక్కాలు కుట్టుటలో వారిని నియోగించెను. కొలది దినములకే ఇంకర్మన్ యుద్ధము నుండి గాయపడినవారు గుంపులుగా వచ్చిపడిరి. వైద్యులు తామే సహాయము కోరిరి. ఓర్పుతో వేచియుండుట కూడ నేర్పులో ఒక భాగమని దాదులకు అప్పుడు తెలిసెను.

ఆమె నేలలు కడుగుటకు కుంచెలు తెప్పించెను. ఒక యింటిని అద్దెకు తీసికొని బాయిలర్లు పెట్టించి, సైనికుల భార్యలచే బట్టలు ఉతికించెను. మామూలు మాంసము తినలేని రోగులకు జావలు, చారులు సిద్ధము చేయుటకు వేరుగ వంటశాల నేర్పరచెను. పగటి పని ముగిసిన పిమ్మట చేత లాంతరు పట్టుకొని మైళ్ళకొలది పొడవుగల పడకల వరుసల నడుమ తిరుగుచు, ఎవరికేమి కావలెనో కనుగొనుచుండెను. ఆ లాంతరు వెలుగు తమ పడకమీద పడుటయే సైనికులకు ధైర్యమయ్యెను.

కాని ఆమె వెంట వచ్చిన 38 మందియు సమానముగా ఉపయోగపడలేదు. వారిలో 24 మంది క్రైస్తవ మతసంఘములకు చెందిన సోదరీమణులు, 14 మంది ఆసుపత్రులలో పనిచేసినవారు. కొందరు భక్తురాండ్రు, రోగికడ ప్రార్థన చేయగలరు గాని పుండు కడుగలేరు. కొందరికి పని తెలియును గాని క్రమశిక్షణ లేదు. త్రాగుడు మానలేనివారిని ఆమె తిరిగి పంపివేసెను. మంచి మనస్సు, నేర్పరియైన చేయి, క్రమశిక్షణ ఈ మూడును ఒకేచోట చేరినగాని మంచి నర్సు కాదనియు, అట్టివారు వారంతట వారు పుట్టరనియు, తీర్చిదిద్దవలెననియు ఆమెకు స్పష్టమయ్యెను.

అంతకన్న కఠినమైన పాఠము మరియొకటి కలదు. ఇంతమంది ఇంత శ్రమపడినను ఆ శీతకాలమున మరణములు తగ్గలేదు, పైగా పెరిగెను. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రి రోగులలో నూటికి దాదాపు 42 మంది మరణించిరి. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు వచ్చి మురుగుకాలువలు బాగుచేయించిరి. నీటి ఏర్పాటులు పరీక్షించిరి. గాలి వచ్చుటకు మార్గములు చేయించిరి. జూన్ నాటికి మరణములు నూటికి దాదాపు రెండుకు దిగెను. యుద్ధానంతరము ఫ్లారెన్సు విలియం ఫార్ అను గణాంకశాస్త్రజ్ఞునితో కలిసి ఆ లెక్కలన్నిటిని పరిశోధించెను. శత్రువు తుపాకికన్న, నివారింపదగిన వ్యాధులే ఎన్నో రెట్లు ఎక్కువమందిని బలిగొన్నవని తేలెను. వట్టి అంకెలు చూచి పెద్దలు కదలరని ఎంచి, ఆ సంగతి ఒక్క చూపున తెలియునట్లు రంగులతో వృత్తాకారపు పటములు గీయించెను. తన ఆసుపత్రి మరణములను కూడ ఆమె దాచలేదు. జరిగిన లోపమును లెక్కగట్టి చూచుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము ఆమెకు గలదు.

1855 మే నెలలో యుద్ధరంగమును చూడబోయినప్పుడు ఆమెకు తీవ్రమైన జ్వరము తగిలెను. ప్రాణము దక్కెను గాని పూర్వపు ఆరోగ్యము మరల రాలేదు. 1856 ఆగస్టులో ఊరేగింపులు, స్వాగతములు తప్పించుకొని ఆమె నిశ్శబ్దముగా ఇల్లు చేరెను. ఆమెయెడ కృతజ్ఞతతో ప్రజలు 40,000 పౌనులకు మించిన నిధి సమకూర్చిరి. ఆ ధనముతో 1860వ సంవత్సరమున లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల శిక్షణాలయము ప్రారంభింపబడెను. ఆ ఆసుపత్రి మేట్రనైన శ్రీమతి వార్డ్రోపరు దాని భారము వహించెను. తొలుత ఎన్నుకొన్నది 15 మందిని మాత్రమే. శిక్షణకాలము ఒక సంవత్సరము. ప్రతి విద్యార్థినికి వేరు పడకగది, భోజనము, దుస్తులు, సంవత్సరమునకు 10 పౌనుల వేతనము ఏర్పాటు చేసిరి.

ఆ విద్యార్థినులు ఏమి నేర్వవలెనో జాబితాగా వ్రాసియుంచిరి. కాలిన గాయములను, పుండ్లను శుభ్రపరచి కట్టుట, కాపడములు పెట్టుట, జలగలను పట్టించుట, విరిగిన ఎముకలకు కట్టు బద్దలకు మెత్తలు అమర్చుట, కదలలేని రోగిని కదలించుట, తినిపించుట, వెచ్చగా నుంచుట, పడకపుండ్లు రాకుండ చూచుట, రోగి పడకలో నుండగనే దుప్పటి మార్చుట, జావయు, పానీయములును కాచుట, గదిలోనికి మంచిగాలి వచ్చునట్లు చేయుట. అటుపిమ్మట రోగిని గమనించు విద్య. నాడి, శ్వాస, చర్మము, ఆకలి, నిద్ర, తెలివి, గాయపు స్థితి, మందు వలన కలుగు మార్పు వీనినన్నిటిని కనిపెట్టి వైద్యునకు తప్పు లేకుండ చెప్పవలెను.

వీనిని నేర్చుచోటు తరగతిగది మాత్రమే కాదు, రోగి పడక ప్రక్క. వార్డు పెద్దయైన సిస్టరు కనుసన్నలలో విద్యార్థిని పనిచేయవలెను. సమయపాలనము, నిశ్శబ్దము, నమ్మకము, శుభ్రత మొదలగు గుణములకును, పై పనులలోని ప్రతి నేర్పునకును మేట్రను నెలనెల వేరువేరుగ యోగ్యత వ్రాయుచుండెను. దీనివలన, నీవు మంచి పిల్లవు అను సామాన్యమైన మెప్పునకు చోటులేకపోయెను. కట్టు కట్టుట చక్కగా వచ్చినది, నాడి చూచుట ఇంకను రాలేదు అని విడివిడిగా తెలియుచుండెను. తనకేమి వచ్చునో, ఏమి రాదో స్పష్టముగా తెలిసినవానికి కలుగు ధైర్యమే నిజమైన ఆత్మవిశ్వాసము. మిగిలినది వట్టి సాహసము.

ఫ్లారెన్సు 1859లో ప్రకటించిన ఉపచార విధానములను గూర్చిన గ్రంథమునందు ఆలోచించు పద్ధతిని సామాన్యులకు కూడ బోధించెను. రోగి పళ్ళెములో అన్నము మిగిలిపోయెననుకొనుడు. ఆకలి లేదని చెప్పి ఊరకుండరాదు. వంట సరిగా లేదా? పదార్థము అతనికి తగినది కాదా? పెట్టిన వేళ తప్పా? నిజముగనే ఆకలి లేదా? ఈ నాలుగింటిలో ఏది కారణమో కనుగొన్నచో నివారణోపాయము తనంతనే దొరకును. అట్లే, రాత్రి బాగుగ నిద్రపట్టినదా యని అడిగిన ప్రయోజనము లేదు. పదిగంటలు ఏకధాటిగా నిద్రింపనివాడు నిద్రపట్టలేదనును. రోజుల తరబడి కన్ను మూయనివాడును ఆ మాటయే యనును. ఎన్ని గంటలు, ఏ వేళ నిద్రపట్టినది యని అడుగవలెను. నర్సులు మాటిమాటికి చేతులు కడుగుకొనవలెనని కూడ ఆమె అందు వ్రాసెను. వ్యాధులు సూక్ష్మజీవుల వలన కలుగునని అప్పటికి స్థిరపడలేదు. చెడుగాలియే వ్యాధికారణమని ఆమె నమ్మెను. ఆ నమ్మకము సరికాకున్నను శుభ్రతను గూర్చి ఆమె చెప్పిన నియమములు నిలిచెను.

పాఠశాల స్థాపించినంతనే కార్యము ముగియలేదు. అనారోగ్యముచే ఫ్లారెన్సు గది వదలి రాలేకుండెను. 1871లో సెయింట్ థామస్ ఆసుపత్రి థేమ్సు నదీతీరమున నూతన భవనములలోనికి మారెను. ఆ కాలముననే ఆమె తన పాఠశాలను నిశితముగా పరీక్షింపగా లోపములు బయటపడెను. జరుగవలసిన ఉపన్యాసములు సరిగా జరుగుట లేదు. నెలనెల యోగ్యతాపత్రములలో కొన్ని నమ్మదగినవి కావు. విద్యార్థినులచే నేర్పుటకు బదులు చాకిరి చేయించుచున్నారు. తన పేర నడచు సంస్థ గదా యని ఆమె కప్పిపుచ్చలేదు. జాన్ క్రాఫ్టు అను శస్త్రవైద్యుని బోధకునిగా నియమింపజేసెను. విద్యార్థినుల చదువును కనిపెట్టుటకు వసతిగృహమునందు ఒక సిస్టరును ఏర్పాటు చేయించెను. విద్యార్థినులను ఒక్కొక్కరినే తన యింటికి పిలిపించి, టీ యిచ్చి, వారి కష్టములు విని వ్రాసికొనుచుండెను. 1872 నుండి తరచుగా వారికి ఉపదేశ లేఖలు వ్రాసెను. ఈ వృత్తిలో ఏటేటికి ముందునకు సాగనివారు నిలిచియుండరనియు, వెనుకకే పోవుదురనియు ఆమె బోధ.

ఆ శిక్షణ పొందినవారి ధైర్యమునకు ఆగ్నెస్ జోన్సు జీవితమే నిదర్శనము. 1865లో ఆమె 12 మంది నర్సులతో లివర్‌పూలు నగరపు అనాథశరణాలయపు ఆసుపత్రికి వెళ్ళెను. అచట వేయిమందికి పైగా బీదరోగులుండిరి. వారికి సేవచేయువారు శిక్షణలేని అనాథలే. ఆగ్నెస్ మూడేండ్లలో ఆ నరకమును ఆసుపత్రిగా మార్చి, 1868లో టైఫస్ జ్వరము సోకి ముప్పదియైదవ యేట మరణించెను. ఆ సంవత్సరమే లూసీ ఆస్‌బర్న్ అయిదుగురు నర్సులతో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు చేరెను. అమెరికాలో నర్సుల విద్యకు పాటుపడిన లిండా రిచర్డ్సు 1877లో సెయింట్ థామస్‌కు వచ్చి ఈ పద్ధతులను చూచి వెళ్ళెను. ఒక దీపమునుండి మరియొక దీపము వెలిగినట్లు ఈ విద్య దేశదేశములకు ప్రాకెను.

ఫ్లారెన్సు మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను మన దేశమును గూర్చి ఆమె చదివినంతగా, వ్రాసినంతగా ఆ కాలమున చదివి వ్రాసినవారు కొలదిమంది. భారతదేశములోని బ్రిటిషు సైనికులలో ఏటేట వేయింటికి 69 మంది మరణించుచుండిరని 1863లో వెలువడిన విచారణసంఘపు నివేదిక తెలిపెను. ఆ నివేదికకు వలయు వివరములను సేకరించుటలోను, పరిశీలించుటలోను ఆమె ముఖ్యపాత్ర వహించెను. సైనికుల ఆరోగ్యము నుండి ఆమె దృష్టి రైతుల యాకలివైపు మరలెను. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థరు కాటనుతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపి, నీటిపారుదలయే కరవునకు మందు అను ఆయన వాదమును బలపరచెను. రోగికైనను, దేశమునకైనను మూలకారణము కనుగొని చికిత్స చేయవలెననుటయే ఆమె మతము.

1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను ఘనబిరుదమును పొందిన మొదటి స్త్రీగా ఆమె ప్రఖ్యాతి గాంచెను. అప్పటికే ఆమె చూపు పోయెను, జ్ఞాపకశక్తియు సన్నగిల్లెను. 1910వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన, 90వ యేట, లండనులోని తన యింట నిద్రలోనే కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మహాపురుషుల సరసన ఆమెను ఉంచుదుమని పెద్దలు సూచించిరి. ఆమె కోరిక ననుసరించి బంధువులు అందుల కంగీకరింపలేదు. హాంప్‌షైరులోని ఈస్ట్ వెల్లో గ్రామపు చర్చి ప్రాంగణమున ఆమెను సమాధి చేసిరి. ఆ రాతిమీద ఆమె పూర్తి పేరు కూడ లేదు. పేరులోని తొలి యక్షరములును, జనన మరణ తేదీలును మాత్రమే యుండును.

ఆమె జన్మదినమైన మే 12వ తేదీని నేడు ప్రపంచమంతట నర్సుల దినముగా జరుపుకొందురు. నేడు నర్సు విద్యార్థిని తొలిసారి సూది వేయుటకు ముందు బొమ్మమీద పలుమారులు అభ్యసించును. గురువు ప్రక్కన నిలువగా రోగికి చేయును. చేసిన పొరపాటును చెప్పుకొని మరల నేర్చుకొనును. తొలినాడు వణకిన చేయి కొన్నాళ్ళకు స్థిరపడును. ఆ చేయి స్థిరపడుట వెనుక, తెల్లవారుజామున కొవ్వొత్తి వెలుగున ఒంటరిగా చదివికొన్న ఒక యువతి పట్టుదల కలదు.

విద్యార్థులారా! రోగికడ కూర్చుండి కన్నీరు విడుచుట సులభము. అతనికి ఏమి కావలెనో కనిపెట్టి, దానిని చక్కగా చేయుట కష్టము. మనస్సులోని దయను చేతిలోని నేర్పుగా మార్చుకొనుటకు ఫ్లారెన్సు నైటింగేలు తన జీవితమును ధారపోసెను. ఏ వృత్తిలో ప్రవేశించువారికైనను ఆమె చూపిన త్రోవ ఒక్కటియే: శ్రద్ధగా చూడుడు, కారణము వెదకుడు, చేతులతో అభ్యసింపుడు, తప్పు కనబడినచో దాచక దిద్దుకొనుడు. అట్టివారికి ధైర్యము ఒకరు ఇయ్యవలసిన పనిలేదు. అది వారి పనినుండియే పుట్టును.